పెన్నా గట్టున సేద్యం, నీళ్ళ లెక్క: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం చుట్టుపక్కల రైతులు ఏళ్ళ తరబడి నన్నూ, మా ఊళ్ళో నాతో పాటు సేద్యపు నీళ్ళ పని మీద తిరిగినవాళ్ళనూ అడిగిన ప్రశ్నలు ఇవి. ఫోన్లో అడిగినవి కొన్ని, టీ అంగడి దగ్గర అడిగినవి ఎక్కువ. శింగనమల, నార్పల, తాడిమర్రి వైపు ఎర్ర నేలల్ని మనసులో పెట్టుకుని జవాబులు రాశాను. తాడిపత్రి, కోవెలకుంట్ల వైపు నల్లరేగడి రైతులు కొంచెం సర్దుకుని చదువుకోవాలి. 2022లో జిల్లాలు విడిపోయినా పెన్నా విడిపోలేదు కాబట్టి, అనంతపురం అన్నచోటల్లా పాత జిల్లా అనే అనుకోండి.

మన దగ్గరే వాన ఎందుకింత తక్కువ?

మనం రెండు రుతుపవనాలకూ దూరపు చుట్టాలం. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుని ఖాళీగా మన మీదుగా పోతాయి. ఈశాన్యం వచ్చేసరికి నెల్లూరు, చిత్తూరు వైపు కురిసి మన దాకా చేరేసరికి సన్నబడతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు, అటూ ఇటూ. పెన్నా పుట్టేది కర్ణాటకలో నంది కొండల దగ్గర. దాదాపు 600 కిలోమీటర్లు నడిచి నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. జయమంగళి, చిత్రావతి, పాపఘ్ని, కుందూ, చెయ్యేరు అన్నీ దీంట్లో కలిసేవే. వీటిలో చాలావాటికి వానను నమ్ముకోవడం తప్ప వేరే దిక్కు లేదు.

అయితే 550 అనే అంకె కంటే అది పడే తీరే మనల్ని ముంచుతుంది. జూన్లో ఒక మంచి వాన పడుతుంది, ఆశపడి విత్తుతాం. తర్వాత ఇరవై ఐదు రోజులు ఆకాశం నీలంగా ఉంటుంది. సెప్టెంబరులో ఒక్క రాత్రిలో వంద మిల్లీమీటర్లు పడి వంకలు పొంగుతాయి. రికార్డుల్లో ఆ ఏడాది సగటు వానే అని రాసుంటుంది. చేనుకి మాత్రం అది కరువు.

మిల్లీమీటర్లంటే మాకు అర్థం కావు. లీటర్లలో చెప్తారా?

ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే నాలుగు వేల లీటర్ల పైచిలుకు. పది మిల్లీమీటర్లంటే నలభై వేల లీటర్లు, అంటే ఎనిమిది ట్యాంకర్లు. ఏడాదికి 550 అంటే ఎకరానికి 22 లక్షల లీటర్లు. ఈ ఒక్క లెక్క గుర్తుంటే కింద రాసిందంతా మీరే వేసుకోగలరు.

ఎకరం వరికి సుమారు 1,200 మిల్లీమీటర్లు కావాలి. 48 లక్షల లీటర్లు. యాసంగి వేరుశనగకు 500 దగ్గర, 20 లక్షలు. కొర్రకు 300 ఉంటే గట్టెక్కుతుంది, 12 లక్షలు. మీ ఎకరం మీద ఆకాశం పోసేది 22 లక్షలు. అందులోనూ పంటకాలంలో పడేది కొంత, ఆవిరయ్యేది కొంత, వంకలో పోయేది కొంత.

ఇప్పుడు భూమిలోకి ఎంత దిగుతుందో చూడండి. మనది గ్రానైటు రాయి. పడిన వానలో నూటికి పది పాళ్ళు ఊటగా దిగితే గొప్పే. అంటే ఎకరానికి రెండు లక్షల చిల్లర లీటర్లు. ఒక్క ఎకరం వరి పెట్టినవాడు ఇరవై ఎకరాల ఊటను తోడుతున్నట్టు లెక్క. మడిలో పెట్టిన నీళ్ళలో సగం తిరిగి ఇంకుతాయని వాదించినా పదెకరాల ఊట. ఆ మిగతా తొమ్మిదెకరాలూ ఎవరివో ఆలోచించండి.

ఎన్ని అడుగులు వేస్తే నీళ్ళు పడతాయి?

అందరూ మొదట అడిగేది ఇదే. నేను మొదట చెప్పదలచుకోనిదీ ఇదే.

పైన పదునైదు, ఇరవై మీటర్ల వరకు రాయి కుళ్ళి మొరంగా ఉంటుంది. నీళ్ళు నిజంగా నిలవ ఉండేది అక్కడే. మన జేజినాయనల కపిల బావులు (ఎద్దులతో నీళ్ళు తోడే బావులు) ఆ లోతులోనే ఉండేవి. దాని కింద గట్టి రాయి. ఆ రాయిలో చీలికలు ఉంటే, ఆ చీలికలకు పైనుంచి నీళ్ళు దిగే దారి ఉంటే, బోరులో పడతాయి. లోతుకు పోయేకొద్దీ చీలికలు బిగుసుకుపోతాయి. ఎనిమిది వందల అడుగుల కింద నీళ్ళు పడ్డాయని ఒకరు చెప్తే నమ్మండి, కానీ అవి ఎన్నేళ్ళ కింద దిగిన నీళ్ళో, మళ్ళీ ఎప్పుడు నిండుతాయో అడగండి. చాలాసార్లు అది బ్యాంకులో అసలు తీసి తినడం లాంటిది.

మా నాయన మూడు బోర్లు వేయించాడు. మొదటిది రెండించులు పోసి నాలుగేళ్ళకు ఎండింది. రెండోదానికి నీళ్ళు ఎక్కడ పడతాయో పాయింటు పెట్టినాయన టెంకాయ అరచేతిలో నిలబెట్టి చూపించాడు. దుమ్ము తప్ప ఏమీ రాలేదు. మూడోది పడింది. పడిన నెలకే పక్క చేను పెద్దనాయన బోరు ఆగిపోయింది. నీళ్ళు కొత్తగా పుట్టలేదు, ఆయన గొట్టంలోంచి మా గొట్టంలోకి మారాయి, అంతే. చివరికి అదీ ఎండి, పదేళ్ళ చీనీ (బత్తాయి) చెట్లు కొట్టి కట్టెలకు అమ్ముకున్నాం. అప్పు మాత్రం ఎండలేదు.

టెంకాయ, వేపపుల్ల నమ్మొచ్చా?

నమ్మేవాళ్ళతో గొడవ పెట్టుకోను. కానీ లక్షలు పోసే ముందు భూగర్భజల శాఖ జియాలజిస్టుతో కరెంటు సర్వే (నేలలోకి కరెంటు పంపి కింది రాయిని అంచనా వేయడం) చేయించుకోండి. అది కూడా గ్యారంటీ కాదు. కుళ్ళిన రాయి ఎంత మందం ఉందో, కింద చీలిక ఉండే అవకాశం ఎంతో చెప్తుంది. ఆయన "వద్దు" అంటే విని ఆగిపోవడమే ఆ సర్వేలో అసలు లాభం.

బోరుకి పర్మిషన్ కావాలా?

కావాలి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదు. ఎంతమంది తీసుకుంటున్నారన్నది వేరే సంగతి. ఇంకో మాట. ఫెయిలైన బోరు గుంతను ఆ రోజే మట్టితో పూడ్చండి. కేసింగ్ పీక్కుని నోరు తెరిచి వదిలేస్తే అందులో పసిపిల్లలు పడుతున్నారు. దీనికి చట్టం చెప్పేదాకా ఆగక్కర్లేదు.

మా బోరు రెండించులు పోస్తుంది. ఎన్ని ఎకరాలు పెట్టుకోవచ్చు?

ఇంచుల మాట పక్కన పెట్టండి. రెండు వందల లీటర్ల డ్రమ్ము తీసుకోండి. మోటారు వేసిన వెంటనే కాదు, రెండు గంటలు నడిచాక డ్రమ్ము ఎంతసేపటికి నిండుతుందో సెల్‌ఫోన్లో చూసుకోండి. రెండు నిమిషాలకు నిండితే నిమిషానికి వంద లీటర్లు, గంటకు ఆరు వేలు. తొమ్మిది గంటల కరెంటుకు 54 వేలు. ఎకరానికి పరిస్తే 13 మిల్లీమీటర్లు.

యాసంగి వేరుశనగ కాయ ఊరే రోజుల్లో రోజుకు ఐదారు మిల్లీమీటర్లు తాగుతుంది. కాలవల్లో పారగడితే మూడో వంతు దారిలోనే పోతుంది కాబట్టి ఎకరంన్నర కంటే ఎక్కువ పెట్టకండి. స్ప్రింక్లర్లో, డ్రిప్పో ఉంటే రెండెకరాల పైచిలుకు. ఇది అక్టోబరు ఆఖరులో కొలిచిన అంకె. ఫిబ్రవరికి అదే బోరు సగమే పోయొచ్చు. అందుకే నేను వచ్చిన విస్తీర్ణంలో ముప్పావు వంతే పెట్టమంటాను. పోయినేడు ఫిబ్రవరిలో మీ బోరు ఎలా ఉందో మీకంటే బాగా ఎవరికీ తెలియదు.

ఆటో స్టార్టర్ పెట్టుకోవచ్చా?

తీసేయండి. 2004 నుంచి కరెంటుకు బిల్లు లేదు కాబట్టి మోటారు ఎప్పుడు ఆగాలో మనకు గుర్తుచేసేది ఏదీ లేకుండా పోయింది. అర్ధరాత్రి కరెంటు వస్తే మోటారు దానంతట అదే ఆడుతుంది, కాలవ తెగి పక్కవాడి బీడు తడుస్తుంది, తెల్లారి మీ బోరులో నీళ్ళు యాభై అడుగులు కిందికి పోతాయి.

డ్రిప్పు వేస్తే నీళ్ళు ఆదా అవుతాయి కదా?

మీ చేనులో అవుతాయి. ఊళ్ళో అవుతాయా అంటే, నా అనుభవంలో కాలేదు.

మన ప్రాంతంలో డ్రిప్పు 2003లో సూక్ష్మ సేద్యం పథకం వచ్చాక బాగా పెరిగింది. సన్న, చిన్నకారు రైతులకు 90 శాతం వరకు సబ్సిడీ ఇస్తూ వచ్చారు. ఈ ఏడు ఎంతో, ఏ కాగితాలు కావాలో రైతు సేవా కేంద్రంలో అడగండి. చీనీకి, దానిమ్మకు, టమాటాకు డ్రిప్పు లేకుండా ఇప్పుడు ఆలోచించను కూడా. పారకం మీద మూడో వంతు నుంచి సగం దాకా నీళ్ళు తగ్గుతాయి, కలుపు తగ్గుతుంది.

కానీ రెండెకరాలు తడిపే నీళ్ళతో నాలుగెకరాలు తడపొచ్చని తెలిసిన మరుసటి ఏడే మనం నాలుగెకరాలు పెడతాం. ఆదా అయిన నీళ్ళు భూమిలో ఉండవు. రైతును తప్పుపట్టలేను, అప్పులున్నవాడు పొలం బీడు పెట్టుకుని కూర్చోడు. అయినా డ్రిప్పు వేస్తే ఊట పెరుగుతుందని చెప్పేవాళ్ళ మాట మాత్రం నమ్మకండి. విస్తీర్ణం పెంచకుండా ఉంటేనే అది నిజం.

ఇంకో చిన్న సంగతి. మన బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. డ్రిప్పర్లు తెల్లగా పూడుకుపోతాయి. మాకు ఒకసారి నాసి లాటరల్స్ (సాళ్ళలో పరిచే సన్న పైపులు) అంటగట్టారు, రెండో ఎండాకాలానికే పగిలాయి. బిగించేటప్పుడు దగ్గరుండి ప్రతి వరస చివరి డ్రిప్పర్ కింద గ్లాసు పెట్టి చూడండి. మొదటి డ్రిప్పరుకూ చివరిదానికీ బాగా తేడా ఉంటే సంతకం పెట్టకండి.

సేద్యపు కుంట తవ్వించుకుంటే పనికొస్తుందా? ఊళ్ళో సగం కుంటలు ఖాళీగానే ఉన్నాయి.

పనికొస్తుంది, దాని నుంచి ఎంత ఆశించాలో తెలిస్తే. పది మీటర్ల పొడవు, పది వెడల్పు, రెండు మీటర్ల లోతు అంటే రెండు లక్షల లీటర్లు అని పలక మీద రాస్తారు. గట్లు ఏటవాలుగా తీస్తారు కాబట్టి నిజంగా పట్టేది లక్ష చిల్లర. ఆ లక్ష లీటర్లు ఎకరం మీద పరిస్తే 25 మిల్లీమీటర్లు. అంటే ఒక ఎకరానికి ఒక ప్రాణం నిలిపే తడి. వేరుశనగ ఊడలు దిగేటప్పుడో, కాయ ఊరేటప్పుడో ఇరవై రోజులు వాన ముఖం చాటేస్తే ఆ ఒక్క తడి పంటకూ చొప్పకూ ఉన్న తేడా. అంతకంటే ఎక్కువ అడిగితే కుంట ఇవ్వదు.

ఖాళీగా ఎందుకుంటున్నాయంటే, చాలావాటిని నీళ్ళు వచ్చే చోట కాకుండా రైతుకు అడ్డం లేని మూలలో తవ్వారు. చేనులో అన్నిటికంటే పల్లం ఎక్కడో వాన పడుతుండగా గొడుగేసుకుని పోయి చూస్తేనే తెలుస్తుంది. కుంటలోకి నీళ్ళు దిగే దారిలో చిన్న గుంత తీయండి, ఒండ్రు అందులో ఆగుతుంది. ఎర్ర నేలలో నీళ్ళు నిలవవు. నిలవాలంటే టార్పాలిన్ పరవాలి లేదా అడుగున చెరువు మట్టి మెత్తాలి. ఇంకినా నష్టం లేదు, కింద మీ బోరే ఉంది. ఎండాకాలం కోసం దాచుకుంటానంటే మాత్రం కుదరదు. వేసవిలో మన దగ్గర రోజుకు ఎనిమిది, పది మిల్లీమీటర్లు ఆవిరైపోతాయి. ఉన్నప్పుడే వాడేయండి.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆ కూలి డబ్బులతో తవ్విన కుంటలు మన దగ్గర ఉన్నన్ని చాలా చోట్ల ఉండవు. కొత్తది అడిగే ముందు పాతదాంట్లో పూడిక తీయించుకోండి.

వానను చేనులోనే ఆపాలంటే ఖర్చు లేని పని ఏదైనా ఉందా?

వాలుకు అడ్డంగా దున్నండి, వాలుకు అడ్డంగా గొర్రు తోలండి. ట్రాక్టరు డ్రైవరు పొడవు చాలు చూసుకుని వాలు వెంబడే తోలుతాడు, ఎందుకంటే మలుపులు తగ్గుతాయి, ఆయన డీజిలు మిగులుతుంది. దగ్గర నిలబడి తోలించుకోండి. విత్తాక కొన్ని సాళ్ళకొకటి చొప్పున గొడ్డుసాలు (నీళ్ళు ఆగే ఖాళీ చాలు) వదలండి. వాన వెలిసి నేల పైపొర ఆరుతున్నప్పుడు గుంటక తోలితే పగుళ్ళు మూసుకుని లోపలి తేమ నిలుస్తుంది. చెరువు ఎండినప్పుడు ఒండ్రు మట్టి తోలుకోండి. ఎర్ర నేలకు దానికి మించిన మందు లేదు.

మే నెలలోనే తొలకరికి ముందు నవధాన్యాలు చల్లడం ప్రకృతి వ్యవసాయం వాళ్ళు చెప్తున్నారు. విత్తనాలకు బంకమట్టి, బూడిద పట్టించి పొడి దుక్కిలో వేస్తారు. మా వైపు కొన్ని చేలల్లో బాగా మొలిచి నేలను కప్పింది. గొర్రెల మందలు తిరిగే చేలల్లో మిగల్లేదు. కాపలా పెట్టుకోగలిగితే చేసి చూడండి.

జులై వచ్చినా పదును (విత్తేంత తేమ) రాలేదు. ఏం విత్తాలి?

జులై ఆఖరు దాకా వేరుశనగ కోసం ఆగొచ్చు. కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన రకాల్లో కదిరి 6 పాతది, కదిరి లేపాక్షి కొత్తది. లేపాక్షి బెట్టకు బాగా ఆగుతుందని మా చుట్టుపక్కలంతా దాని వైపే పోయారు. ఆగస్టు వస్తే బుడ్డల (వేరుశనగ) మీద మమకారం వదులుకోండి. కొర్ర, అలసంద, జొన్న, మరీ ఆలస్యమైతే ఉలవ. ఉలవకు పెద్ద ధర రాదని నాకూ తెలుసు. గొడ్లకు మేతైనా దక్కుతుంది, విత్తనం డబ్బులు పూర్తిగా మట్టిలో కలవవు. వేరుశనగ వేసిన ఏడు కూడా మధ్యలో కంది సాళ్ళు వేయడం మానకండి. అక్టోబరు వానలు కందికే పనికొస్తాయి.

కృష్ణా నీళ్ళు వస్తున్నాయి కదా, ఇంకా ఈ లెక్కలెందుకు?

వస్తున్నాయి, సంతోషం. శ్రీశైలం వెనక నీళ్ళను మాల్యాల దగ్గర ఎత్తిపోసి హంద్రీ-నీవా కాలువలో పంపిస్తే 2012లో మన జిల్లాలోని జీడిపల్లి జలాశయానికి చేరాయి. ఆ రోజు జనం బిందెలతో పోయి పసుపు కుంకుమ చల్లారు. నేనూ పోయాను.

ఇప్పుడు లెక్క. ఆ పథకం 40 టీఎంసీలు, నాలుగు పాత జిల్లాల్లో 6 లక్షల ఎకరాలకు. ఒక టీఎంసీ అంటే 2,800 కోట్ల లీటర్లు, వింటే సముద్రంలా ఉంటుంది. ఎకరాలకు పంచితే ఎకరానికి 19 లక్షల లీటర్లు కూడా రావు. వరి లెక్క పైన చూశారు. ఆరుతడి పంటకైతే చాలు, అదీ కాలువ చివరి దాకా నీళ్ళు వస్తే, పిల్ల కాలువలు పూర్తయితే. తుంగభద్ర ఎగువ కాలువదీ అదే కథ. డ్యాం కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేది, పూడిక చేరి ఇప్పుడు 105 దగ్గర ఉంది. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయిన రోజు మనకు నిద్ర పట్టిందా?

నా లెక్కలో ఎత్తిపోసిన నీళ్ళ వల్ల నేరుగా పారిన ఎకరాల కంటే, నింపిన చెరువుల వల్లే మేలు ఎక్కువ జరిగింది. చెరువు నిండితే కింద బావుల్లో, బోర్లలో నీళ్ళు పైకి వస్తాయి. మీ ఊరి చెరువును కాలువకు కలపమని అడగండి. అంతకంటే ముందు చెరువులోకి వచ్చే వంకలో ముళ్ళకంపలు కొట్టించండి.

పాత చెరువులకు ఇంకా విలువ ఉందా?

ఉంది. కడప వైపు పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు రాయి మీద చెక్కించారు. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని కూడా అందులోనే ఉంది. మన ఊళ్ళలో నీరుగంటి ఉండేవాడు, తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంతసేపో ఆయన చూసుకునేవాడు. ఇప్పుడు తూము తుప్పు పట్టింది, మరవను (ఎక్కువైన నీళ్ళు పొర్లే కట్టను) ఎవరో పగలగొట్టారు, చెరువు లోపల చేలున్నాయి. చెరువు లోపల చేలున్నవాళ్ళే నిండకూడదని కోరుకుంటారు. దీన్ని పైకి ఎవరూ మాట్లాడరు, అందరికీ తెలుసు. ముందు ఈ ముడి విప్పకుండా పూడికతీతకు డబ్బులు తెచ్చినా వృథా.

మడకశిర, హిందూపురం వైపు తలపరిగెలు అని ఊట గుంతలుంటాయి, నేల పైనే నీళ్ళు ఊరేవి. చుట్టూ బోర్లు పడ్డాక చాలావరకు ఎండిపోయాయి. ఏటి ఇసుక తోడేసిన చోట చెలమలకూ అదే గతి.

బోరు ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు కలిసి నీళ్ళు వాడుకోవడం అయ్యే పనేనా?

అయిన ఊళ్ళు ఉన్నాయి, మన జిల్లాలోనే. పద్ధతి ఇది. దగ్గరదగ్గరగా ఉన్న పది బోర్లను పైపులతో కలుపుతారు. కొత్త బోరు ఎవరూ వేయమని రాసుకుంటారు. బోరు లేనివాళ్ళ ఖరీఫ్ పంటకు బెట్ట సమయంలో ఒకటి రెండు తడులు ఇస్తారు. బదులుగా వాళ్ళు కొత్త బోరు వేసి ఉన్నవాళ్ళ నీళ్ళు లాక్కోరు. బోరు ఉన్నవాడికి అది దానం కాదు, భద్రత.

మా ఊళ్ళో ఏడాదిన్నర నడిచి ఆగింది. పైపు పగిలినప్పుడు ఎవరు అతకాలో ముందు రాసుకోలేదు. ఎన్నికలు వచ్చాయి. నీళ్ళ పంపకం కంటే గొడవ అంతా మరమ్మతు డబ్బుల దగ్గరే వచ్చింది. మీరు మొదలుపెడితే ఆ కాగితం ముందు రాసుకోండి.

కౌలు చేనులో ఇవన్నీ ఎలా చేయాలి?

కుంట, డ్రిప్పు మీ చేతిలో లేవు. అడ్డం సాళ్ళు, పంట ఎంపిక, డ్రమ్ము లెక్క మీవే. కౌలు మాట్లాడుకునే ముందే బోరు కొలవండి. ఉగాదికి కాదు, ఏప్రిల్ ఎండలో కొలిచి రేటు మాట్లాడండి.

చీనీ చెట్లు వాడుతున్నాయి, ట్యాంకరు తోలాలా?

ఎకరానికి నూటపది చెట్లు, కాపు చెట్టుకు వేసవిలో రోజుకు వంద లీటర్లు అనుకుంటే రోజుకు రెండు ట్యాంకర్లు. ఆ ఖర్చుకు కాయ ధర సరిపోతుందో లేదో కాగితం మీద వేసుకుని నిర్ణయించండి. తోలలేకపోతే కాయ దులిపేయండి. మనసు ఒప్పదు, కానీ చెట్టు బతికితే మళ్ళీ కాస్తుంది. ఎండు కొమ్మలు కొట్టి, పాదులో వేరుశనగ పొట్టు మందంగా పరిచి, ఉన్న నీళ్ళు మొదట్లో కాకుండా కొమ్మల నీడ అంచున పోయండి. తాగే వేళ్ళు అక్కడుంటాయి.

వాన ఎంత పడిందో ఇంట్లో కొలుచుకోవచ్చా?

నిలువు గోడలున్న ఏ డబ్బా అయినా చాలు. పైన, కింద వెడల్పు ఒకటే ఉండాలి. బకెట్టు పనికిరాదు. చెట్లు, గోడలు అడ్డం లేని చోట పెట్టి, తెల్లారి స్కేలుతో కొలవండి. స్కేలు మీద ఎన్ని మిల్లీమీటర్లో వాన అంతే. మండలంలో పడిన వాన మీ చేనులో పడి ఉండకపోవచ్చు, మన వానలు దారికి ఒక పక్క తడిపి ఒక పక్క వదిలేసే రకం.

డబ్బా లేకపోతే మా జేజినాయన చేసినట్టు చేయండి. చేనులో మూడు చోట్ల గడ్డపారతో తవ్వి తేమ ఎంత లోతు దిగిందో చేత్తో చూసేవాడు. జానెడు దిగితే విత్తు పదును. నాలుగు వేళ్ళే దిగితే గుంటక పదును, అంతే. మా మిద్దె మీద బిస్కెట్ల డబ్బా ఉంది. మొన్న రాత్రి పద్నాలుగు మిల్లీమీటర్లు పడింది. ఎదురింటివాళ్ళు పొద్దున్నే గొర్రు కట్టారు. నేను ఇంకా విత్తనాలు మూట విప్పలేదు.